పదమూడు సీట్లు, మూడు రోజులు, ఒక ప్రెసిడెంటు

1800 ఏప్రిల్ ఆఖరి వారం. న్యూయార్క్ నగరంలో ఆరన్ బర్ అనే రాజకీయ నాయకుడి ఇంటి తలుపులు రాత్రీ పగలూ తెరిచే ఉన్నాయి. వార్డుల్లో ఇల్లిల్లూ తిరిగి అలిసిపోయి వచ్చినవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి పరుపులు వేశారు, తినడానికీ తాగడానికీ ఏదో ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంచారు. వాళ్ళ దగ్గర ఓటర్ల జాబితా ఉంది. అందులో ప్రతి పేరు పక్కనా ఆ మనిషి ఇదివరకు ఎటు ఉన్నాడు, ఇప్పుడు ఎటు మొగ్గుతున్నాడు, పోలింగ్ రోజున తనంతట తాను వస్తాడా లేక వెళ్ళి తీసుకురావాలా అన్నది రాసుకున్నారు. చందాల జాబితా వేరే. డబ్బుండీ బద్ధకించే ఒకతని పేరు వచ్చినప్పుడు "ఇతని చందా రెట్టింపు చెయ్యండి, పనేమీ చెయ్యక్కర్లేదని కూడా చెప్పండి" అన్నాడట బర్. చెమటోడ్చి తిరుగుతాడు గానీ జేబులోంచి పైసా తియ్యడని పేరున్న ఇంకొకతని దగ్గరికి వచ్చేసరికి "ఆ పేరు కొట్టేయండి, డబ్బులు అడిగామంటే చేసే పని కూడా మానేస్తాడు" అన్నాడట. మన దగ్గర ఒక్క ఎలక్షన్‌లోనైనా పనిచేసినవాళ్ళకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంత హడావిడీ న్యూయార్క్ రాష్ట్ర అసెంబ్లీలో ఆ నగరానికున్న 13 సీట్ల కోసం. రాష్ట్ర అసెంబ్లీ సీట్ల కోసం ఇంత పోరాటమా అని ఇప్పుడు చదివితే వింతగా అనిపిస్తుంది. కానీ ఆ ఏడాది చివర్లో థామస్ జెఫర్సన్ ప్రెసిడెంటు అవుతాడా, జాన్ ఆడమ్సే కొనసాగుతాడా అన్నది చాలావరకు ఆ మూడు రోజుల పోలింగులోనే తేలిపోయింది, అదీ బ్యాలెట్ మీద ఆ ఇద్దరి పేర్లూ లేకుండానే.

ఎలాగో అర్థం కావాలంటే ముందు ఒక చిక్కుముడి విప్పాలి. అమెరికా తొలినాళ్ళ చరిత్ర అనగానే మనం వాషింగ్టన్, జెఫర్సన్, హామిల్టన్ లాంటి పెద్ద పేర్ల చుట్టూ తిరుగుతాం. నా దృష్టిలో అసలు తాళంచెవి రాష్ట్రాల చట్టసభల్లో ఉండేది. ఫెడరల్ సెనేటర్లను ఎన్నుకునేది రాష్ట్ర చట్టసభే, 1913లో పదిహేడో సవరణ వచ్చేదాకా అంతే. ప్రెసిడెంటును ఎన్నుకునే ఎలక్టర్లను ఏ పద్ధతిలో నియమించాలో చెప్పేదీ చట్టసభే. కాంగ్రెస్ నియోజకవర్గాల గీతలు గీసేదీ, తన సొంత నియోజకవర్గాల గీతలు గీసుకునేదీ అదే. చాలా చోట్ల ఓటు హక్కు ఎవరికి ఉండాలో తేల్చడంలో కూడా దానిదే పైచెయ్యి. అంటే అసెంబ్లీ గెలిచినవాడి చేతిలో ఆటతో పాటు ఆట నియమాల పుస్తకం కూడా ఉండేది.

మనకి రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకోవడం తెలుసు, రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యేలు ఓటెయ్యడమూ తెలుసు. కాబట్టి సగం సంగతి మనకి కొత్త కాదు. తేడా ఎక్కడంటే, మన రాష్ట్రపతిని ఎలా ఎన్నుకోవాలో రాజ్యాంగంలోనే రాసి ఉంది, ఏ అసెంబ్లీ కూడా ఈసారి నాకు ఈ పద్ధతి కలిసిరాదని దాన్ని మార్చుకోలేదు. అమెరికాలో మార్చుకోవచ్చు. మార్చుకున్నారు కూడా, అదీ ఎన్నిక ముంగిట్లో.

వర్జీనియానే చూడండి. 1796లో అక్కడ జిల్లాల వారీగా ఎలక్టర్లను జనం ఎన్నుకున్నారు. 21 ఓట్లలో జెఫర్సన్‌కు 20 వచ్చాయి, ఒక్కటి ఆడమ్స్‌కు పోయింది. ఆ ఒక్కటి కూడా ఎందుకు పోవాలని 1800 జనవరిలో అక్కడి చట్టసభ పద్ధతి మార్చేసి, రాష్ట్రం మొత్తం మీద ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఎలక్టర్లందరూ గంపగుత్తగా వాళ్ళకేనని తేల్చింది. దానికి బదులన్నట్టు ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ జనం చేతిలో ఉన్న ఎంపికను వెనక్కి తీసుకుని చట్టసభ చేతికి అప్పగించింది, అక్కడి 16 ఓట్లూ ఆడమ్స్‌కు ఖాయమయ్యాయి. ఆ ఏడాది ఉన్న 16 రాష్ట్రాల్లో 10 రాష్ట్రాలు ఎలక్టర్లను నేరుగా చట్టసభ ద్వారానే ఎంపిక చేశాయి. న్యూయార్క్ అందులో ఒకటి, దాని చేతిలో 12 ఓట్లు.

పైగా అందరికీ ఒకే ఎన్నికల రోజంటూ లేదు, అది 1845 దాకా రాలేదు. ఒక రాష్ట్రంలో మార్చిలో, ఇంకోచోట ఏప్రిల్‌లో, పెన్సిల్వేనియా, న్యూజెర్సీల్లో అక్టోబరులో అసెంబ్లీ ఎన్నికలు. అందుకే 1800 ప్రెసిడెంటు ఎన్నిక వసంతంలో మొదలై డిసెంబరు దాకా రాష్ట్రం తర్వాత రాష్ట్రంగా సాగింది. ఒకచోట ఫలితం తెలిశాక ఇంకోచోట వ్యూహం మార్చుకునేవాళ్ళు. రెండు పార్టీలకూ ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

(ఇక్కడ పేర్ల గురించి ఒక మాట. ఆడమ్స్, హామిల్టన్‌ల పార్టీ ఫెడరలిస్టులు. జెఫర్సన్, బర్‌ల పార్టీవాళ్ళు తమను రిపబ్లికన్లని చెప్పుకునేవారు. ఈ రిపబ్లికన్లకీ, ఇప్పటి రిపబ్లికన్ పార్టీకీ సంబంధం లేదు, అది 1854లో పుట్టింది.)

న్యూయార్క్ చట్టసభకి రెండు సభలు. పై సభలో ఫెడరలిస్టులకి మెజారిటీ ఉంది. రెండు సభలూ కలిసి ఓటేసే ఏర్పాటు కాబట్టి, అసెంబ్లీలో గట్టి మెజారిటీ వస్తేనే రిపబ్లికన్లు ఆ లోటు పూడ్చుకోగలరు. రాష్ట్రంలో మిగతా చోట్ల బలాబలాలు దాదాపు సరితూగేలా ఉన్నాయి, కాబట్టి నగరంలోని 13 సీట్లు ఎటు పడితే అటే. ఆ 13 కూడా ఒకే ప్యానెల్‌గా నగరమంతా ఓటేసే సీట్లు. గెలిస్తే మొత్తం, ఓడితే సున్నా.

బర్‌కి ఇందులో స్వయంగా ఒక దెబ్బ తగిలి ఉంది. 1799లో అతను నగరానికి మంచినీళ్ళు తెస్తానని మాన్‌హాటన్ కంపెనీ పేరుతో ఒక చార్టర్ (కంపెనీకి చట్టసభ ఇచ్చే అనుమతి పత్రం) పాస్ చేయించుకున్నాడు, మిగిలిన పెట్టుబడిని కంపెనీ ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చన్న ఒక చిన్న వాక్యం అందులో ఉంది, ఆ వాక్యంతో ఏకంగా బ్యాంకు పెట్టాడు. నీళ్ళ పేరు చెప్పి బ్యాంకు పెట్టాడని జనం మండిపడ్డారు, ఆ ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో అతని పార్టీ నగరంలో చిత్తుగా ఓడింది, అతనూ ఓడాడు. మరుసటి ఏడాది అతను మళ్ళీ నగరం నుంచి నిలబడకుండా ఆరెంజ్ కౌంటీ నుంచి పోటీ చేశాడు, నగరం ప్యానెల్‌ని మాత్రం తానే దగ్గరుండి కూర్చాడు.

ఆ ప్యానెల్ చూస్తే ముచ్చటేస్తుంది. చాలా ఏళ్ళు గవర్నరుగా చేసిన జార్జ్ క్లింటన్, సరటోగా యుద్ధం గెలిచిన జనరల్ హొరేషియో గేట్స్, రాజ్యాంగం వచ్చాక మొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్ అయిన శామ్యూల్ ఆస్‌గుడ్, లివింగ్‌స్టన్ల కుటుంబం నుంచి బ్రాక్‌హోస్ట్. వాళ్ళ స్థాయికి అసెంబ్లీ సీటు చాలా చిన్నది, నిలబడమంటే క్లింటన్ లాంటివాళ్ళు మొదట ససేమిరా అన్నారు. బర్ ఒక్కొక్కరినీ బతిమాలి, నచ్చజెప్పి ఒప్పించాడు. అవతల హామిల్టన్ ప్యానెల్ బయటికి వచ్చేదాకా తన పేర్లు బయటపెట్టలేదు. హామిల్టన్ జాబితాలో పెద్దగా ఎవరికీ తెలియని పేర్లే ఎక్కువ. అది చూశాక బర్ తన జాబితా వదిలాడు.

ఏప్రిల్ 29న పోలింగ్ మొదలైంది. హామిల్టన్ గుర్రం మీద ఒక పోలింగ్ చోటి నుంచి ఇంకో చోటికి తిరుగుతూ మాట్లాడాడు. బర్ కూడా తిరిగాడు, చివరి రోజున ఏడో వార్డులో పది గంటలు ఏకబిగిన నిలబడ్డాడని అతని అనుచరుడు మాథ్యూ డేవిస్ రాశాడు. పెద్దమనుషులు ఓట్ల కోసం వీధుల్లో నిలబడి జనాన్ని అడగడం అప్పటికి చాలామందికి పరువు తక్కువ పని. బర్ దాన్నే గౌరవప్రదమైన పనిగా చేసి చూపించాడు. మే 1 రాత్రికి లెక్క తేలింది. 13కి 13 రిపబ్లికన్లవే, దాదాపు 500 ఓట్ల తేడాతో.

అప్పుడు హామిల్టన్ చేసిన పని దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. మే 7న అతను గవర్నర్ జాన్ జేకి ఉత్తరం రాశాడు. కొత్త సభ జులైలో గానీ రాదు, పాత సభ ఇంకా ఉంది, దాన్ని వెంటనే పిలిచి, ఎలక్టర్లను జిల్లాల వారీగా జనమే ఎన్నుకునేలా చట్టం మార్చండి, అప్పుడు కొన్ని ఓట్లయినా మనకి దక్కుతాయన్నది దాని సారాంశం. ఇలాంటి కాలంలో మరీ పట్టింపులకు పోకూడదని కూడా రాశాడు. గమ్మత్తేమిటంటే సరిగ్గా ఇదే జిల్లాల పద్ధతిని కొన్ని వారాల కిందట రిపబ్లికన్లు సభలో పెట్టినప్పుడు ఫెడరలిస్టులే కొట్టేశారు, అప్పటికి వాళ్ళకి గెలుపు తమదేనన్న ధీమా ఉంది. జే ఫెడరలిస్టే, హామిల్టన్‌కి ఆప్తుడే. ఆ ఉత్తరం వెనక ఒక ముక్క రాసి పక్కన పెట్టేశాడు: పార్టీ ప్రయోజనం కోసం చెయ్యమంటున్న పని, ఇది నేను చేయదగినది కాదనుకుంటున్నాను అని. జవాబు కూడా ఇవ్వలేదు. చట్టం ప్రకారం చూస్తే హామిల్టన్ అడిగినదాంట్లో తప్పేమీ లేదు, రాజ్యాంగం ఆ అధికారం చట్టసభకి ఇచ్చింది. ఆపింది ఒక్క మనిషి మనసాక్షి. అందుకే నాకు జే అంటే అంత గౌరవం.

అప్పట్లో ఒక్కో ఎలక్టరు ఇద్దరి పేర్లకి ఓటెయ్యాలి, జెఫర్సన్‌తో పాటు రిపబ్లికన్ల రెండో పేరు బర్‌ది. చివరి లెక్క ఇలా వచ్చింది: జెఫర్సన్ 73, బర్ 73, ఆడమ్స్ 65. న్యూయార్క్ 12 ఓట్లు అటు నుంచి ఇటు మార్చి చూడండి. ఆడమ్స్ 77, జెఫర్సన్ 61. జెఫర్సన్, బర్‌లకి సమానంగా రావడంతో పడిన ఇంకో పేచీ, ప్రతినిధుల సభలో 36 సార్లు ఓటింగ్ జరిగి 1801 ఫిబ్రవరి 17న తేలడం, అది వేరే పెద్ద కథ. దక్షిణాది బలం గురించి మాత్రం చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. బానిసల్లో ప్రతి అయిదుగురినీ ముగ్గురిగా లెక్కగట్టి ఆ రాష్ట్రాలకి సీట్లు, ఎలక్టర్లు ఇచ్చారు. ఆ బానిసలకి ఓటు లేదు, వాళ్ళ తలలు లెక్కపెట్టి వచ్చిన బలం వాళ్ళ యజమానులది. జెఫర్సన్ గెలుపులో అదీ ఉంది.

ఇంతకీ ఓటు ఎవరికి ఉండేది? రాష్ట్రానికో తీరు. న్యూయార్క్ 1777 రాజ్యాంగం ప్రకారం అసెంబ్లీకి ఓటెయ్యాలంటే 20 పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి, లేదా ఏడాదికి 40 షిల్లింగుల అద్దె కట్టే కౌలుదారై ఉండాలి. పై సభకీ గవర్నరుకీ ఓటెయ్యాలంటే 100 పౌండ్ల భూమి కావాలి. అంటే ఒకే మనిషి అసెంబ్లీకి ఓటరు, గవర్నరుకి కాడు. పెన్సిల్వేనియాలో పన్ను కట్టే మగవాళ్ళందరికీ ఓటు. దక్షిణ కరొలైనా 1790 రాజ్యాంగంలో అయితే ప్రతినిధుల సభలో కూర్చోవాలంటే 500 ఎకరాలు, పదిమంది బానిసలు ఉండాలి, లేకపోతే అప్పు లేని 150 పౌండ్ల స్థిరాస్తి చూపించాలి. పదిమంది బానిసలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు.

ఓటు వేసే తీరూ ఒక్కటి కాదు. న్యూయార్క్‌లో చీటీ. వర్జీనియాలో కౌంటీ కోర్టు ఆవరణలో షెరీఫ్ బల్ల వేసుకుని కూర్చుంటే, ఓటరు వచ్చి అందరికీ వినపడేలా పేరు పైకి చెప్పాలి, గుమాస్తా రాసుకుంటాడు, ఆ అభ్యర్థి అక్కడే ఉంటే లేచి దణ్ణం పెట్టినట్టు తల వంచి థాంక్స్ చెబుతాడు. అప్పు ఇచ్చిన షావుకారు ఎదురుగా, భూస్వామి ఎదురుగా. కనెక్టికట్‌లో 1801లో ఫెడరలిస్టులు ఒక చట్టం తెచ్చారు, పై సభ అభ్యర్థుల ఎంపికలో ఓటరు బహిరంగంగా లేచి నిలబడో చెయ్యి ఎత్తో చెప్పాలని. ఊళ్ళో పాస్టరు, జడ్జి, అప్పులిచ్చిన పెద్దలు చూస్తుండగా ప్రతిపక్షం వైపు చెయ్యెత్తే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆ చట్టం పెట్టింది అందుకే. ఇక చాలా రాష్ట్రాల్లో కింది సభకి ఏటా ఎన్నికలే, ఏటేటా జరిగే ఎన్నికలు ఆగిన చోట నిరంకుశత్వం మొదలవుతుందని అప్పట్లో నానుడి. కనెక్టికట్‌లో అయితే ఏడాదికి రెండుసార్లు.

ఓటు హక్కు విషయంలో అన్నిటికంటే మనసును పట్టేసే కథ న్యూజెర్సీది. ఈ రోజు ఆ రాష్ట్రంలో ఎంతమంది తెలుగువాళ్ళున్నారో చెప్పక్కర్లేదు, మన ఆడవాళ్ళు ఎంతమంది అక్కడ ఓటేస్తున్నారో కూడా. అక్కడ ఆడవాళ్ళు మొదట ఓటేసింది 1920లో కాదు. 1776 రాజ్యాంగంలో ఓటరు అన్నచోట "మగవాళ్ళు" అని లేదు, 50 పౌండ్ల ఆస్తి ఉండి ఏడాదిగా ఆ కౌంటీలో ఉంటున్న నివాసులందరూ అని ఉంది. 1790 చట్టంలో కొన్ని కౌంటీల వరకు "అతను లేదా ఆమె" అని స్పష్టంగా రాశారు, 1797లో రాష్ట్రం మొత్తానికీ వర్తింపజేశారు. పెళ్ళయితే ఆస్తి మొగుడిదైపోయే రోజులు కాబట్టి ఓటు దక్కింది ప్రధానంగా వితంతువులకీ పెళ్ళికాని ఆడవాళ్ళకీ. స్వేచ్ఛ పొందిన నల్లజాతివాళ్ళలో ఆస్తి ఉన్నవాళ్ళు కూడా ఓటేశారు. మోంట్‌గోమరీ టౌన్‌షిప్ 1801 అక్టోబరు నాటి ఓటర్ల జాబితా దొరికింది, 340 పైచిలుకు పేర్లలో కనీసం 46 ఆడవాళ్ళవి. వరసలో మగపేర్ల మధ్య ఆ పేర్లు, ఏ ప్రత్యేక గుర్తూ లేకుండా, మిగతావాళ్ళలాగే.

అది ఎలా పోయిందో చూడండి. 1797లో ఎసెక్స్ కౌంటీలో రిపబ్లికన్ జాన్ కాండిక్ట్ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోబోయి బయటపడ్డాడు, ఎలిజబెత్‌టౌన్‌లో ఆడవాళ్ళు అతనికి వ్యతిరేకంగా కట్టకట్టుకుని వచ్చి ఓటేశారు. 1807లో అదే కౌంటీలో కోర్టు భవనం నూవర్క్‌లో కట్టాలా, ఎలిజబెత్‌టౌన్ వైపా అని ఓటింగ్ పెడితే రెండు ఊళ్ళవాళ్ళూ విచ్చలవిడిగా దొంగ ఓట్లు గుద్దేశారు. అసలు ఉన్న ఓటర్ల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పడ్డాయి, చివరికి ఆ ఎన్నికనే రద్దు చేశారు. మగవాళ్ళు ఆడవేషం వేసుకుని వచ్చి మళ్ళీ మళ్ళీ వేశారని కూడా చెప్పుకున్నారు. నింద మాత్రం ఆడవాళ్ళ మీదా, నల్లజాతివాళ్ళ మీదా పడింది. ఆ నవంబరులో కాండిక్ట్ ముందుండి నడిపిన చట్టం పాసైంది: ఓటు స్వేచ్ఛాయుతులైన తెల్లజాతి మగ పౌరులకే. పన్ను కడితే చాలు, 50 పౌండ్ల ఆస్తి ఉన్నట్టే లెక్క అని పేద తెల్ల మగవాళ్ళకి అదే చట్టంలో తలుపు తెరిచారు. రాజ్యాంగం "నివాసులందరూ" అంటుంటే మామూలు చట్టంతో అందులో సగం మందిని తీసేశారు, కారణంగా రాష్ట్ర శాంతి, క్రమం, గౌరవం అని రాశారు. ఒక్క ఓటుతో ఆపగలిగిన ఆడవాళ్ళు సభలో ఎవరూ లేరు.

నియోజకవర్గాల గీతల సంగతి చాలామంది వినే ఉంటారు, కాబట్టి త్వరగా చెబుతాను. 1812 ఫిబ్రవరిలో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ రాష్ట్ర సెనేట్ జిల్లాలను తన రిపబ్లికన్ పార్టీకి కలిసొచ్చేలా తిరగగీసిన బిల్లు మీద సంతకం పెట్టాడు. ఎసెక్స్ కౌంటీలో ఒక జిల్లా చెల్సీ నుంచి సాల్స్‌బరీ దాకా వంకరగా పాకింది, మార్చి 26న బోస్టన్ గెజెట్ దానికి రెక్కలూ గోళ్ళూ తగిలించి బొమ్మ వేసి, సాలమాండర్ అనే జంతువు పేరుకి గెర్రీ పేరు అతికించింది. ఇప్పటికీ జెరీమాండరింగ్ అంటున్నది దాన్నే, ఆయన పేరును మాత్రం గెర్రీ అనే పలకాలి. అంకెలు చూస్తే విషయం తెలుస్తుంది. ఆ ఏడాది సెనేట్ ఎన్నికల్లో ఫెడరలిస్టులకి 51,766 ఓట్లు, రిపబ్లికన్లకి 50,164. సీట్లు? ఫెడరలిస్టులకి 11, రిపబ్లికన్లకి 29. గెర్రీ మాత్రం గవర్నరుగా ఓడిపోయాడు, ఎందుకంటే గవర్నరు ఎన్నికకి గీతలుండవు, రాష్ట్రమంతా ఒకటే.

న్యూయార్క్‌ది 1789లో ఇంకో రకం పాఠం. వాషింగ్టన్‌ను ఎన్నుకున్న మొట్టమొదటి ప్రెసిడెంటు ఎన్నికలో ఆ రాష్ట్రం ఓటే వెయ్యలేదు. రెండు సభలు రెండు పక్షాల చేతిలో ఉండి ఎలక్టర్లను ఎలా ఎంచాలో తేల్చుకోలేక గడువు దాటించేశాయి. ప్రమాణ స్వీకారం మాత్రం న్యూయార్క్ నగరంలోనే జరిగింది, ఆ రోజు ఆ రాష్ట్రానికి సెనేటర్లు కూడా లేరు.

తర్వాత ఒక్కో రాష్ట్రం ఎలక్టర్ల ఎంపిక జనానికి వదిలేస్తూ వచ్చింది. తెల్లజాతి మగవాళ్ళకి ఆస్తి షరతులు సడలాయి, అదే ఊపులో న్యూయార్క్ 1821లో నల్లజాతివాళ్ళకి మాత్రం 250 డాలర్ల ఆస్తి షరతు పెట్టింది. 1832 వచ్చేసరికి చట్టసభ చేత ఎలక్టర్లను ఎంపిక చేయిస్తున్న రాష్ట్రం ఒక్క దక్షిణ కరొలైనానే, 500 ఎకరాలు, పదిమంది బానిసల రాష్ట్రం. 1860 నవంబరులో కూడా ఆ సభ ఎలక్టర్లను ఎంచడానికి రాష్ట్ర రాజధాని కొలంబియాలో సమావేశమైంది, పని పూర్తి చేసింది, కానీ లింకన్ గెలుస్తాడేమో చూద్దామని గవర్నరు కోరితే ఇళ్ళకి వెళ్ళకుండా అక్కడే ఉండిపోయింది. లింకన్ గెలిచాడని తెలిశాక, కొద్ది రోజుల్లోనే, అమెరికా యూనియన్‌లో ఉండాలో వద్దో తేల్చే కన్వెన్షన్‌కి అదే సభ తేదీలు ఖరారు చేసింది. డిసెంబరు 20న ఆ కన్వెన్షన్ రాష్ట్రం విడిపోతున్నట్టు ఏకగ్రీవంగా తీర్మానించింది.